పాము గదికి గడియ

సిద్ధమ్మ కువైట్ వచ్చిన దగ్గర్నుంచి ఆ ఇంటివాళ్ళను అడిగింది ఒక్కటే. జీతం పెంచమనలేదు, ఫోను కొనిపెట్టమనలేదు. తన గది తలుపుకి లోపల గడియ పెట్టించమంది. బొటనవేలంత గడియ. అది రావడానికి ఎంత కాలం పట్టిందో, చివరికి ఎవరి పుణ్యాన వచ్చిందో చెప్తాను. నాకు కోపం ముక్కు మీదుంటుందని అందరూ అంటారు. ఉండనీ, ముక్కు నాది. మధ్యలో ఎక్కడైనా నోరు జారితే మీరే సర్దుకోండి.

నా పేరు సూరాయమ్మ. మాది కోనసీమ. బయాన్‌లో ఆ పెద్దింట్లో వంట నాది. సిద్ధమ్మది రాయచోటి పక్క పల్లె. ఇల్లు తుడవడం, బట్టలు, ఇస్త్రీ, కవల పిల్లల వెనక పరిగెత్తడం ఆమె పని. మనిషి పొడుగు, సన్నం. దేన్ని చూసినా దండం పెడుతుంది. పొద్దున్నే ఇస్త్రీపెట్టెను కళ్ళకద్దుకుని గాని ప్లగ్గు పెట్టదు. ఒక దసరాకి చెత్త పీల్చే మిషనుకి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టింది. మా ఇంటి యజమానురాలు మామా అది చూసి, పిల్లలు జాము పూశారనుకుని వాళ్ళను తిట్టింది. పిల్లలు చేసే పనులకి ఎలాగూ తిట్లు బాకీ ఉంటాయి గనక మేం నోరు విప్పలేదు.

సిద్ధమ్మ గది అంటే గది కాదు. వంటింటి వెనక నడవాలో బట్టలు ఇస్త్రీ చేసే చోటు. ఒక గోడకి ఉతికే మిషను, దాని నెత్తిన ఆరబెట్టే మిషను. ఇంకో గోడకి ఇస్త్రీ బల్ల. మిగిలిన చోటులో ఆమె మంచం, మంచం కింద ఆమె సూట్‌కేసు. తలుపుకి పిడి ఉంది, గడియ లేదు. కవలలకి ఆరేళ్ళు. తలుపు చేత్తో తీయడం వాళ్ళు నేర్చుకోలేదు, తన్నడమే. మామా బయటికెళ్ళేటప్పుడు పైన వేసుకునే నల్ల అబాయా కోసం వస్తుంది. చుట్టాల పిల్లలు దాగుడుమూతలాడితే సిద్ధమ్మ మంచం కిందే దాక్కుంటారు. తట్టడం అనే మాట ఆ తలుపుకి తెలియదు.

ఊళ్ళో ఉన్న కూతురు మునిలక్ష్మితో వీడియోలో మాట్లాడుతూ ఉండగానే తలుపు ధడాలున తెరుచుకునేది. "సిద్దా! యల్లా!" అని, తొందరగా రమ్మని కేక. ఆ చప్పుడు మునిలక్ష్మికి ఎంత అలవాటైందంటే, "మా, నీ తలుపొచ్చింది, పెట్టేస్తాండా" అని తనే ఫోను పెట్టేసేది.

"మన ఊర్లో ఎవురన్నా తలుపు కొడితే లోపల్నించి 'ఎవురూ?' అంటాం గదక్కా," అంది సిద్ధమ్మ ఒకసారి నా పక్కన కూర్చుని వెల్లుల్లి వలుస్తూ. "ఈడికొచ్చినాక ఆ మాటే అన్లేదు నేను. తలుపేసుకోని తల దువ్వుకుందామన్నా లేదు. ఆఖరికి ఏడ్సాలన్నా గడియుండాల గదా."

"నాతో చెప్తే ఏం లాభమే? మామాకి చెప్పు," అన్నాను.

చెప్పింది. ఒకసారి కాదు, చాలాసార్లు. మామా చెడ్డ మనిషి కాదు. పండగకి బట్టలు పెడుతుంది, జ్వరమొస్తే డాక్టరు దగ్గరికి పంపుతుంది. కానీ ఆ ఇంట్లో పనివాళ్ళ గదులకి లోపల గడియలుండవు. "లోపల నీకేమైనా అయితే తలుపెలా తీస్తాం సిద్దా? నీ మంచికే," అనేది. మన మంచికేనని చెప్పి చేసేదాన్ని కాదనడం ఎవరి వల్లా కాదు. మేడ మీద నా గదికి గడియ ఉంది. అదీ నాకోసం పెట్టింది కాదు, నీళ్ళ మోటారు కోసం పెట్టింది. మోటారును బయటికి మార్చాక ఆ గది నాకొచ్చింది. అంటే నాకున్న గౌరవం కూడా మోటారు వదిలేసి పోయిందే.

ఇలా ఉండగా ఇంట్లోకి పాము వచ్చింది.

తెచ్చింది ఇంటి పెద్దమ్మాయి లుల్వా. యూనివర్సిటీలో చదువుతోంది. ఒక మధ్యాహ్నం దజీజ్‌లో పెంపుడు జంతువుల అంగళ్ళకి పోయి వచ్చి, చిల్లులున్న ప్లాస్టిక్ డబ్బా ఒకటి హాల్లో బల్ల మీద పెట్టి మూత తీసింది. కుందేలో, పిల్లికూనో అనుకుని అందరం మూగాం. లోపల చుట్ట చుట్టుకుని కొండచిలువ. చిన్న జాతిదట. గోధుమ రంగు మీద నల్ల మచ్చలు. విషం లేదట, కరవదట, భయమేస్తే బంతిలా ముడుచుకుంటుందట. లుల్వా ఇవన్నీ చెప్తూనే ఉంది గానీ, వినడానికి అక్కడ ఎవరున్నారు? మామా సోఫా ఎక్కింది. పిల్లలు మామా మీదికెక్కారు. నేను వంటింట్లోకి దూరి గడియ పెట్టుకున్నాను. వంటింటికి గడియ ఉంది.

పాముకి ఎదురుగా మిగిలింది సిద్ధమ్మ ఒక్కతే. రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకుని నిలబడింది. అరవని మనిషి ఆ ఇంట్లో ఆమె ఒక్కతే కావడంతో లుల్వా మురిసిపోయి, "సిద్దాకి ధైర్యం ఎక్కువ. దీన్ని సిద్దా చూసుకుంటుంది," అనేసింది. ఆ మాటతో ఇంటెడు చాకిరీ మీద పాము చాకిరీ కూడా వచ్చి పడింది.

"నాకు ధైర్యమా? కాళ్ళు వణికిపోయినాయక్కా," అంది ఆ తర్వాత సిద్ధమ్మ. "కానీ నాగసామి ఇంటికొస్తే కేకలేస్తారా యాడన్నా? కండ్లు పోతాయి."

"అది నాగుపాము కాదే పిచ్చిదానా, కొండసిలవ. పడగే లేదు."

"పడగ లేకపోతేనేం? టోపీ తీసేస్తే పోలీసు పోలీసు కాకుండా పోతాడా?"

లుల్వా దానికి మిష్మిష్ అని పేరు పెట్టింది. అరబ్బీలో అదొక పండు పేరు. సిద్ధమ్మ మాత్రం సామి అనే పిలిచేది.

ఇక ఆ సామికి ఇల్లు కట్టే హడావిడి మొదలైంది. డ్రైవరు జిలానీ బాషాదీ రాయచోటే. పాపం ఆయన్ని ఊరంతా తిప్పారు. దజీజ్ నుంచి పెద్ద గాజుపెట్టె తెచ్చాడు. దాన్ని నిలబెట్టడానికి అమ్ఘరాలో కలప అంగళ్ళకి పోయి చెక్కబల్ల చేయించాడు. పెట్టెను మెట్ల పక్కనున్న చిన్న హాల్లో పెట్టారు. ఒక పక్కన కింద వేడి పరుపు, పైన దీపం. రెండో పక్క చల్లగా ఉండాలట. వేడిగా అనిపిస్తే సామి ఇటు వస్తుంది, చలేస్తే అటు పోతుంది. ఎటు ఎంత వేడి ఉందో చూసుకోవడానికి రెండు మీటర్లు. సిద్ధమ్మ గదిలో కూడా ఒక పక్క ఆరబెట్టే మిషను సెగ కక్కుతుంది. అయితే అటు పోవడానికి, ఇటు రావడానికి మంచం అడ్డం.

పెట్టెలో అడుగున పరవడానికి ఒక సంచీ తెచ్చారు. విప్పి చూసి నేను నోరు తెరిచాను. కొబ్బరిపీచు పొట్టు! మా కోనసీమలో కొబ్బరికాయల డొక్కలు ఒలిచిన చోట గుట్టలు గుట్టలుగా పడి ఉంటుంది, వానకి నాని కంపు కొడుతుంది, ఊరికే తీసుకుపొమ్మన్నా ఎవరూ ముట్టరు. దాన్ని రంగుల సంచీలో పోసి విమానమెక్కించి పాముకి పరుపేశారు. మా ఊరి పొట్టుకి పట్టిన యోగం చూసి నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

అసలు గొడవ తిండి దగ్గరొచ్చింది. దానికి పెట్టేది ఎలకలు. గడ్డకట్టించిన ఎలకలు పొట్లాల్లో వస్తాయి. వాటిని పెట్టాల్సింది నా ఫ్రీజర్లో.

"ఎలకల్ని నా ఫ్రీజర్లో ఎట్టనిత్తానా? నీకేవన్నా మతి పోయిందేంటే?" అన్నాను.

"నేనేం చేద్దునక్కా, లుల్వా చెప్పింది. నాకు మాత్రం ఇష్టమా? ఎలకేమో వినాయకుని వాహనం. తినేదేమో నాగసామి. ఎవురికి కోపమొచ్చినా నామీదే వస్తాది."

చివరికి బఠాణీల పక్క అర ఖాళీ చేసిచ్చాను. ఆ నెలంతా ఆ ఇంట్లో బఠాణీ కూర వండితే ఒట్టు.

ఇంత చేస్తే సామి తినలేదు. సిద్ధమ్మ ఎలకను గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి, వినాయకుడికి క్షమాపణ చెప్పుకుని, పొడుగాటి పట్టకారుతో అందించేది. సామి ముక్కు గాజుకి ఆనించి కదలకుండా పడుకునేది. వారం గడిచింది, ఇంకో వారం గడిచింది. కవలలు గాజు మీద టకటకా కొడుతున్నారు. వచ్చిన చుట్టమల్లా ఫోను తీసి వీడియో పడుతున్నారు. లుల్వాకి ఏడుపొక్కటే తక్కువ. అందరినీ పిలిచి చెప్పింది:

"దానికి దాక్కోవడానికి చోటు లేదు. అందరూ చూస్తుంటే అది తినదు, నిద్రపోదు. తనది అనుకునే చోటు ఒకటి కావాలి. ఇక నుంచి గాజు కొట్టకూడదు. చెప్పకుండా దగ్గరికి వెళ్ళకూడదు. ప్రాణం అన్నాక దానికీ చాటు ఉండాలి కదా!"

"మిస్కీన్, పాపం," అంది మామా దూరంగా నిలబడి. మనస్ఫూర్తిగానే అంది.

సిద్ధమ్మ అక్కడే మెట్లు తుడుస్తోంది. తుడిచే గుడ్డ అక్కడే వదిలేసి వంటింట్లోకి వచ్చి, స్టూలు మీద కూలబడింది.

"పాముకి చాటుండాలంటక్కా," అంది.

నేను కూర కలుపుతున్నాను.

"మామా పాపం అనింది పాముని. నన్నెప్పుడన్నా అనిందా? నాకు సిగ్గు లేదా? నేను ప్రాణం కాదా?"

కళ్ళనీళ్ళు కారుతున్నాయి. పక్కన ఉల్లిపాయలు కూడా లేవు, సాకు చెప్పడానికి. నాకు ఒళ్ళు మండిపోయింది. గరిటె పట్టుకుని హాల్లోకి పోయి నాలుగు కడిగేద్దామనుకున్నాను. పోలేదు. పని పోతుందన్న భయం నాకూ ఉంది కదా. గరిటెతో గిన్నెనే నాలుగు బాదాను.

అయితే సిద్ధమ్మకి అలకైనా ఏడుపైనా ఒక పూటే. లుల్వా ఆన్‌లైన్లో ఏవో దాక్కునే డబ్బాలు చూస్తుంటే, "డబ్బా ఎందుకు? సామికి పుట్ట గదా కావాల్సింది," అని తనే పూనుకుంది. తోటలో మట్టి తవ్వి, కొబ్బరిపొట్టు కలిపి, పిసికి, మూడు నోళ్ళు పెట్టి పుట్ట కట్టింది. మేడ మీద నా గది ముందు ఎండబెట్టింది. గాజుపెట్టెలో పెట్టగానే సామి ఒక నోట్లోంచి దూరి లోపల చుట్ట చుట్టుకుంది. లుల్వా చప్పట్లు కొట్టి ఫోటోలు తీసుకుంది. తిండి మాత్రం ఇంకా ముట్టలేదు. పుట్టలో దూరినా, పుట్ట ఉన్నది నట్టింట్లోనే కదా.

ఇక్కడిదాకా బాగానే ఉంది. కానీ మావాళ్ళకి పుట్ట కనిపిస్తే పాలు గుర్తుకొస్తాయి.

ఆ ఏడు నాగుల చవితి వారం మధ్యలో వచ్చింది. పనిలో కుదరలేదు. తర్వాతి శుక్రవారం చేసుకుందామనుకున్నాం. కువైట్‌లో ఏ దేవుడికైనా శుక్రవారమే చవితి, శుక్రవారమే ఏకాదశి. ఆ రోజు ఇంటివాళ్ళంతా మధ్యాహ్నం భోజనానికి అమ్మమ్మగారింటికి పోతారు. వాళ్ళ కార్లు వీధి మలుపు తిరిగాయో లేదో, వెనక తలుపులోంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. వీధిలో పనిచేసే మన ఆడవాళ్ళందరూ వచ్చారు. మంగఫ్‌లో కంపెనీ బస్సు నడిపే అతని భార్య వెంకటేశ్వరి కూడా, వాళ్ళాయన్ని సందు చివర నిలబెట్టి వచ్చింది. ఎన్నేళ్ళుగానో వీళ్ళంతా ఫోన్లో పుట్ట బొమ్మ పెట్టుకుని, పాలగ్లాసు చూపించి తామే తాగేస్తున్నారు. ఇప్పుడు నిజం పుట్ట, లోపల నిజం సామి.

నన్ను కూడా కలుపుకోండి. చలిమిడి, చిమ్మిలి, వడపప్పు చేసింది నేనే. కొండచిలువకి చవితేంటే అని ముందు రోజు వెక్కిరించిన నోటితోనే, ఆ రోజు తలస్నానం చేసి గోవిందా అన్నాను. సిద్ధమ్మ సూట్‌కేసు తెరిచి, దాచుకున్న పట్టుచీర తీసి కట్టుకుంది. ఆ తొందరలో పెట్టె మూయలేదు.

గాజుపెట్టె మూత పక్కకి జరిపి ఒక్కొక్కరూ పుట్టలో పాలు పోశారు. ఒక్క చుక్క పోసి దండం పెడితే సరిపోతుంది కదా. సరిపోదు. ఎవరి మొక్కు వాళ్ళది, ఎవరి గ్లాసు వాళ్ళది. కడపవాళ్ళు పోశాక గోదావరివాళ్ళం తగ్గుతామా? పుట్ట పైకి చూడ్డానికి పుట్టలాగే ఉంది. పచ్చిమట్టి, కాల్చింది కాదు. లోపల్లోపలే నానుతోంది. పైన దీపం వేడి. ఆఖరి దండం వెంకటేశ్వరిది. వాళ్ళాయన సందు చివర నుంచి హారన్ కొట్టడంతో ఆవిడ చిమ్మిలి నోట్లో వేసుకుని పరిగెత్తింది. మూత జరిపిన చోటే ఉండిపోయింది.

మేం వెనక గుమ్మం దగ్గర కూర్చుని ప్రసాదం తింటూ ఊరి కబుర్లలో పడ్డాం. కార్ల చప్పుడు వినిపించి అందరూ గోడపక్కగా జారుకున్నారు. ముందుగా హాల్లోకి వెళ్ళింది లుల్వా. ఆమె కేకకి నా చేతిలో చలిమిడి కిందపడింది.

గాజుపెట్టెలో పుట్ట లేదు. పాలచెరువులో బురద ముద్ద ఉంది. పొట్టు తేలుతోంది. వేడికి పాలు విరిగి వాసన కొడుతోంది. సామి లేదు. ఇంటినిండా పాలు పోస్తే ఎవరు మాత్రం ఉంటారు?

మామా పిల్లల్ని చంకన వేసుకుని కార్లో కూర్చుని అద్దాలు ఎత్తేసి, "దొరికిందా?" అని ఫోన్లో అడుగుతోంది. జిలానీ బాషా, "తోబా, తోబా, నాది డ్రైవింగు లైసెన్సు మాత్రమే," అని ప్రహరీ గోడెక్కాడు. నేను వంటింటి గడియ పెట్టుకుని కిటికీలోంచి సలహాలిచ్చాను. లుల్వా ఏడుస్తూ సోఫాల కింద వెతుకుతోంది. పట్టుచీర కుచ్చిళ్ళు దోపుకుని ఆమె వెనకే సిద్ధమ్మ.

చివరికి సిద్ధమ్మ గదిలో దొరికింది. ఆరబెట్టే మిషను తిరుగుతోంది, గది వెచ్చగా, చీకటిగా ఉంది. తెరిచిన సూట్‌కేసులో, మునిలక్ష్మి కోసం కొని దాచిన చీరల మధ్య, చుట్ట చుట్టుకుని హాయిగా పడుకుంది.

"పాలు నేనే పోసినా," అంది సిద్ధమ్మ, వచ్చిన అరబ్బీలో. "నన్ను ఊరికి పంపించేస్తారా?"

"పాములు పాలు తాగవు సిద్దా!" అంది లుల్వా.

"తెలుసు. తాగమని పోయం. పొయ్యాల, పోస్తాం."

లుల్వా కోప్పడదామనుకుందో ఏమో గానీ, సూట్‌కేసులో పాము ఒళ్ళు వదిలేసి పడుకున్న తీరు చూసి ఆ సంగతి మర్చిపోయింది. సిద్ధమ్మను ఎలక నానబెట్టి తెమ్మంది. నేను గడియ తీయకుండా, నడవా వైపు కిటికీలోంచే పొట్లం అందించాను. పట్టకారుతో అలా చూపించిందో లేదో, సామి లటుక్కున అందుకుంది. ఇన్ని వారాల తర్వాత మొదటి ముద్ద. లుల్వా సిద్ధమ్మను కావలించుకుని గంతులేసింది. గంతులేస్తూనే తీర్పు చెప్పేసింది. "ఖలాస్! మిష్మిష్‌కి ఈ గది నచ్చింది. గాజుపెట్టె ఇక ఇక్కడే."

కిటికీలోంచి ఇదంతా చూస్తూ ఈ మాట విన్న నాకు తిక్క రేగింది. గడియ అడిగిన మనిషికి గడియ ఇవ్వకపోగా, ఉన్న గదిని పాముకిస్తారా? అగ్గి మీద గుగ్గిలమై బయటికొచ్చాను. సిద్ధమ్మ ఇస్త్రీ బల్ల పట్టుకుని నిలబడింది.

కడిగి ఆరబెట్టిన గాజుపెట్టె మర్నాడు ఆ గదిలోకి వచ్చింది. దాని వెనకే మామా హుకుం వచ్చింది. ఆ గది తలుపుకి వెంటనే గడియ పెట్టాలి. బయట పెట్టాలి. పాము బయటికి రాకూడదు.

జిలానీ బాషా డ్రిల్లింగు మిషను తెచ్చాడు. గడియను బయటివైపు ఆనించి పెన్సిలుతో గుర్తులు పెడుతున్నాడు. ఇన్నేళ్ళు అడిగిన గడియ. తీరా వచ్చి తలుపుకి బయటివైపు ఎక్కుతోంది. సిద్ధమ్మ దాన్నే చూస్తోంది. నడవా ఆ చివర మామా, పిల్లలు ఆమె వెనక.

"ఉండు జిలానీ," అంది సిద్ధమ్మ. "మామా! బయట పెడితే పిల్లోళ్ళు తీస్తారు."

మామా పిల్లల వైపు చూసింది. పిల్లలు అప్పటికే గడియ వైపు ఆశగా చూస్తున్నారు.

"లోపలైతే నేను తీస్తేనే తలుపొస్తాది. నేను తీయకపోతే ఎవురూ రాలేరు, పాము పోలేదు," అంది సిద్ధమ్మ. ఆ ఇంట్లో ఆమె గొంతు అంత గట్టిగా నేనెప్పుడూ వినలేదు.

"మరి నువ్వు గదిలో లేనప్పుడు?" అంది మామా.

"నేను లేనప్పుడు తలుపు తీసే ధైర్యం ఎవురికుంది మామా?"

నిజమే. మామాకి నీ మంచికే అనే మాట గుర్తొచ్చిందో లేదో నాకు తెలియదు. "లోపలే పెట్టు! లోపల! యల్లా, తొందరగా!" అంది.

"యాడ పెట్టమంటావ్ సిద్దమ్మక్కా? పైనా, కిందా?" అన్నాడు జిలానీ.

"నా చెయ్యి అందే చోట పెట్టు నాయనా," అంది.

మొదటి రెండు రోజులు భయపడి నాతోపాటు మేడ మీద పడుకుంది. మూడో రోజు చాప చుట్టుకుని దిగిపోయింది. "సామి గాజులో ఉండాడు. గడియ తలుపుకుండాది. ఇంగేం భయం?" అంది. గడియ మీద ఆశ పాము భయాన్ని మింగేసింది. మధ్యాహ్నం పని అయ్యాక తలుపు మూసుకునేది. టక్ మని గడియ పడేది. లోపల్నించి మునిలక్ష్మితో మాటలు, నవ్వులు వినిపించేవి. ఇప్పుడు తలుపొచ్చి ఫోను పెట్టించడం లేదు, వాళ్ళకి కబుర్లు అయిపోయినప్పుడు వాళ్ళే పెట్టేస్తున్నారు. మామా అబాయా కావాలంటే నడవా చివర నిలబడి ఫోను చేస్తుంది. పిల్లలు తన్నడం మానేశారు. సిద్ధమ్మ ఒళ్ళు కూడా చేసింది.

తర్వాత లుల్వా పై చదువుకి లండన్ వెళ్ళిపోయింది. పాము పని మామూలుగానే సాగింది. వారానికోసారి సిద్ధమ్మ నా ఫ్రీజర్లోంచి పొట్లం తీసి, గిన్నెలో నానబెట్టి, గదిలోకి పట్టుకెళ్ళి తలుపేసుకునేది. పొట్లాలు అయిపోతే జిలానీ తెచ్చేవాడు. వెనక సందులో పిల్లులు ఈమధ్య బాగా బలిశాయని నేనే ఒకరోజు అన్నాను. ఎండలు తగ్గినందుకేమోలే అంది సిద్ధమ్మ.

మళ్ళీ నాగుల చవితి వచ్చింది. ఈసారి పాలు వద్దు, ప్రసాదం చూపిస్తే చాలని చిమ్మిలి పళ్ళెం పట్టుకుని ఆమె గదికి వెళ్ళాను. తట్టాను. చాలాసేపు తియ్యలేదు. తీశాక కూడా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"జరగవే, సామికి చూపించాలి."

"సామి నిద్రపోతాండాడక్కా."

"పామన్నాక నిద్రపోకుండా లెక్కలు రాత్తాదా? జరుగు."

జరిపి లోపలికి వెళ్ళాను. గాజుపెట్టెలో దీపం వెలుగుతోంది. కొత్త పుట్ట ఉంది. పుట్ట పక్కన కొబ్బరినూనె సీసా, దువ్వెన, అద్దం, మునిలక్ష్మి ఫోటో. వెచ్చదనానికి నూనె గడ్డకట్టకుండా ఉంది. సామి లేడు.

"లుల్వా పోతా పోతా స్నేహితురాలికి ఇచ్చేసింది," అంది సిద్ధమ్మ తల వంచుకుని. "మామాకి చెప్పొద్దు సిద్దా, చెప్తే గడియ పీకిస్తాదని ఆ పిల్లే చెప్పింది."

"మరి నా ఫ్రీజర్లో ఎలకలు?"

"పిల్లులకక్కా. ఎలకలు కొనకపోతే మామాకి అనుమానం రాదా?"

"జిలానీకి తెలుసా?"

"తెచ్చేది ఆయప్పే గదా."

నాకు నెత్తి మీద మంటలు లేచాయి. ఇన్ని నెలలు! లేని పాము కోసం, ఉన్న ఎలకలతో, నా బఠాణీలు కాపురం చేశాయి. "నాకెందుకు చెప్పలేదే?" అన్నాను.

"నీ నోరు తెలుసు గదక్కా."

ఆ మాటతో ఇంకా మండింది. పళ్ళెం అక్కడే పెట్టేసి విసవిసా బయటికొచ్చాను. నడవా చివర మామా ఎదురైంది. అబాయా కోసమే వచ్చినట్టుంది. అడుగు ముందుకు వేయాలా వద్దా అని చూస్తోంది.

"సూరా, నువ్వు లోపలికెళ్ళావా? మిష్మిష్ ఎలా ఉంది?" అంది.

చెప్పేద్దామనే నోరు తెరిచాను. తలుపు ఓరగా ఉంది. సందులోంచి సిద్ధమ్మ నన్నే చూస్తోంది. చెయ్యి గడియ మీద ఉంది. గట్టిగా పట్టుకుంది, ఎవరో లాక్కుపోతారన్నట్టు.

"బాగా పెరిగింది మామా," అన్నాను. చేతులు చాపాను. చాలవనిపించి ఇంకా చాపాను. "ఇంత! తొడంత లావు. నన్ను చూసి బుస్సుమంది."

మామా అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి, అబాయా రేపు చూసుకుంటానంది.

పళ్ళెం తెచ్చుకోవాలి కదా అని మళ్ళీ వెళ్ళాను. తలుపు మూసి ఉంది. తట్టాను.

"ఎవురూ?" అంది లోపల్నించి.

ఎవరో తెలియకనా. నాకు తెలుసు, ఆమెకీ తెలుసు.

"నేనేనే," అన్నాను.

"ఉండక్కా, వస్తాండా."

ఏ తొందరా లేకుండా వచ్చింది. ఆమె వచ్చి గడియ తీసేదాకా నేను బయటే నిలబడ్డాను.